బ్రోకర్ చేతికి స్టాండ్‌బై సెట్టింగులు ఇచ్చాక నా మాట చెల్లడం లేదు

గంటస్తంభం_డీబీఏ
మాది ఓ ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ. అసలు డేటాబేస్ (ప్రైమరీ) విజయనగరం హెడ్డాఫీసులో, అది పోతే వాడుకునే నకలు (స్టాండ్‌బై) శ్రీకాకుళం బ్రాంచిలో. ఒరాకిల్ 19సీ, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్. ఇన్నాళ్లూ ఆ నకలుని తాజాగా ఉంచే డేటా గార్డ్ మొత్తం చేత్తోనే నడిపాను. మార్పుల చిట్టా (రీడో) ఎక్కడికి పంపాలో చెప్పే లాగ్ ఆర్కైవ్ డెస్ట్ 2, తప్పిపోయిన లాగులు ఎక్కడ అడగాలో చెప్పే ఫాల్ సర్వర్, స్టాండ్‌బై ఫైల్ మేనేజ్‌మెంట్, అన్నీ ఎస్‌పీఫైల్ అనే సెట్టింగుల ఫైల్లో నేను రాసుకున్నవే. రెండు ఊళ్ల మధ్య లైను సన్నం. అందుకని రాత్రి వడ్డీ లెక్కల బ్యాచ్ మొదలయ్యేటప్పుడు డెస్ట్ స్టేట్‌ని డిఫర్‌లో పెట్టి (అంటే పంపడం ఆపి), బ్యాచ్ అయ్యాక ఎనేబుల్ చేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి ఉండేది.

ఈమధ్య వెండర్ వాళ్లు వచ్చి, డేటా గార్డ్ సెట్టింగులు తనే చూసుకునే బ్రోకర్ అనే పనిముట్టు ఆన్ చేసి వెళ్లారు. "ఇక మీరేమీ ముట్టుకోనక్కర్లేదు సార్, అన్నీ అదే చూసుకుంటుంది" అన్నారు. నా స్క్రిప్ట్ సంగతి వాళ్లు అడగలేదు. మొన్న రాత్రి డిఫర్ పెట్టాక ఓ చిన్న పని మీద డేటాబేస్ రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. లేచేసరికి డెస్ట్ మళ్లీ ఎనేబుల్! మెమరీలోనూ ఎస్‌పీఫైల్‌లోనూ రాసే కమాండే ఇచ్చాను, అయినా నిలబడలేదు. బ్యాచ్ తాలూకు రీడో అంతా లైను మీద పడింది. పొద్దున్న బ్రాంచిలో కౌంటర్లు తెరిస్తే స్క్రీన్లు కదలవు, ఫోన్లు మాత్రం ఆగవు.

నా ప్రశ్న ఒకటే. నేను పెట్టిన సెట్టింగ్‌ని నన్ను అడక్కుండా మార్చేసే పనిముట్టుకి ఇంత అధికారం ఇవ్వాలా? బ్రోకర్ తీసేసి పాత పద్ధతికి వెళ్లిపోదామని ఉంది.

నాగావళి_నీళ్లు
అది చేయాల్సిన పనే చేసింది. బ్రోకర్ ఆన్‌లో ఉన్నప్పుడు డీమాన్ ప్రాసెస్ తన కాన్ఫిగరేషన్ ఫైల్‌నే నమ్ముతుంది, ఎస్‌పీఫైల్‌ని కాదు. ఇన్‌స్టెన్స్ లేచినప్పుడల్లా ఆ ఫైల్లో ఉన్నదాని ప్రకారం డెస్ట్‌లు సర్దుతుంది. ఫైల్లో లాగ్ షిప్పింగ్ ఆన్ అని ఉంది, మీరు కింద నుంచి డిఫర్ పెట్టారు. దానికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

బ్రోకర్ కమాండ్ లైన్ డీజీఎంజీఆర్ఎల్‌లోకి వెళ్లి ప్రైమరీ స్టేట్‌ని ట్రాన్స్‌పోర్ట్-ఆఫ్ చేయండి. రీస్టార్ట్ అయినా అలాగే ఉంటుంది. తర్వాత ట్రాన్స్‌పోర్ట్-ఆన్. మీ స్క్రిప్ట్‌లో ఆ రెండు లైన్లు మారిస్తే చాలు.

పలాస_జీడిపప్పు
ఏటి గురూ, "ఏమీ ముట్టుకోనక్కర్లేదు సార్" అని చెప్పి వెళ్లిపోయిన వెండర్ మళ్లీ ఫోన్ ఎత్తాడా అసలు?

గంటస్తంభం_డీబీఏ
@పలాస_జీడిపప్పు ఎత్తాడు. టికెట్ రైజ్ చేయమన్నాడు.

పాతపెంకు
నేను 8ఐ రోజుల నుంచి స్టాండ్‌బైలు నడుపుతున్నాను. అప్పుడు బ్రోకర్ లేదు, అది 9ఐతో వచ్చింది. ఆర్కైవ్ లాగులు కాపీ చేయడం, రికవర్ కమాండ్ ఇవ్వడం అన్నీ షెల్ స్క్రిప్టులే. అందులో ఓ సుఖం ఉంది. ఏదైనా ఆగితే ఎక్కడ ఆగిందో నాకు తెలుసు, ఎందుకంటే రాసింది నేనే.

బ్రోకర్ దగ్గర నా ఇబ్బంది వేరే. అది బాగా పనిచేసినన్నాళ్లు కింద ఏ పారామీటర్ ఏం చేస్తుందో కుర్రాళ్లు నేర్చుకోరు. ఓ రోజు కాన్ఫిగరేషన్ ఫైల్ పాడైతే చేత్తో డెస్ట్ 2 రాయడం ఒక్కడికీ రాదు. ఇంటర్వ్యూలో అడిగి చూడండి, తెలుస్తుంది.

నాగావళి_నీళ్లు
@పాతపెంకు మాస్టారూ, నేర్పాలంటే టెస్ట్ సర్వర్ మీద నేర్పుదాం. చేత్తో రాసినవాళ్లు చేసే తప్పులు కూడా చూశాం కదా. స్టాండ్‌బై ఫైల్ మేనేజ్‌మెంట్ మాన్యువల్‌లో వదిలేస్తారు. ప్రైమరీలో ఎవరో డేటాఫైల్ కలుపుతారు. స్టాండ్‌బైలో అది అన్‌నేమ్డ్ అని పడుతుంది, రికవరీ అక్కడే ఆగిపోతుంది. ఎవరూ చూడరు. స్విచ్ఓవర్ (రెండిటి పాత్రలు మార్చడం) చేద్దామని కూర్చున్న రోజు బయటపడుతుంది. ఇంకోటి, ప్రైమరీకి మార్చిన సెట్టింగ్ స్టాండ్‌బైకి మార్చరు. రోల్ తిరగబడితే అవతల డెస్ట్ ఖాళీ. అలాంటివి పట్టుకునేది బ్రోకరే.

టెక్కలి_టెర్మినల్
వచ్చే రీడోని స్టాండ్‌బైలో అందుకునే స్టాండ్‌బై రీడో లాగులు కూడా కలపండి ఆ లిస్టులో. ఆన్‌లైన్ గ్రూపులకంటే ఒకటి ఎక్కువ ఉండాలి, సైజు అదే ఉండాలి. మా దగ్గర ఎవడో ప్రైమరీలో సైజు పెంచి స్టాండ్‌బైని మర్చిపోయాడు. 12సీ నుంచి ఉన్న వ్యాలిడేట్ డేటాబేస్ కమాండ్ ఒక్క దెబ్బకి చెప్పేసింది.

పాతపెంకు
ఆ చెక్ చేసే స్క్రిప్ట్ నా దగ్గర అంతకుముందు నుంచే ఉంది.

టెక్కలి_టెర్మినల్
మీ దగ్గర ఉంది మాస్టారూ. మీరు సెలవు పెట్టిన రోజు మా దగ్గర లేదు.

రాజాం_అమ్మాయి
ఒరాకిల్ ఒక్కదాని గొడవ కాదిది. మేం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద బ్రోకర్ లాంటి పాట్రోని వాడతాం, అక్కడా సరిగ్గా ఇదే. మ్యాక్స్ కనెక్షన్స్, వాల్ లెవెల్ లాంటివి ఎట్‌సీడీ అనే ఉమ్మడి స్టోర్‌లో ఉన్న కాన్ఫిగ్ నుంచి మాత్రమే తీసుకుంటుంది. సర్వర్ లేపేటప్పుడు కమాండ్ లైన్‌లో ఆ విలువలే ఇస్తుంది కాబట్టి పోస్ట్‌గ్రెస్ కాన్ఫ్ ఫైల్లో మీరు ఏం రాసుకున్నా దండగ. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఆ ఫైల్ ఎడిట్ చేసి, రీలోడ్ చేసి, "మారలేదేంటక్కా" అని నా దగ్గరికే వస్తారు.

కానీ అది అలా ఉండటమే నాకు నచ్చింది. స్టాండ్‌బై మ్యాక్స్ కనెక్షన్స్ ప్రైమరీ కంటే తక్కువ ఉంటే హాట్ స్టాండ్‌బై నడవదు. పెంచాలంటే ముందు స్టాండ్‌బైలో, తగ్గించాలంటే ముందు ప్రైమరీలో. ఈ వరస రాత్రి రెండింటికి ఎవరికి గుర్తుంటుంది?

సిరిమాను
నేను డీబీఏని కాదు, ఐటీ మేనేజర్‌ని. తిట్టుకోండి పర్లేదు. నాకు కావాల్సింది ఒక్కటే, ప్రైమరీ పోతే ఎంతసేపట్లో పని మొదలవుతుంది? బ్రోకర్ ఉంటే ఒక కమాండ్‌తో స్విచ్ఓవర్ అవుతుందని విన్నాను. చేత్తో అయితే మా డీబీఏ నిద్ర లేవాలి, లాప్‌టాప్ తెరవాలి, వీపీఎన్ కలవాలి.

గంటస్తంభం_డీబీఏ
@సిరిమాను మీరు మా మేనేజర్ కాదు కదా?

సిరిమాను
మీ డీబీఏలందరూ ఇదే అడుగుతారు.

అరసవల్లి_ఎండ
ఒక కమాండే, కానీ ఆ ఒక్క కమాండ్ మధ్యలో ఆగిపోవడం నేను చూశాను. స్విచ్ఓవర్‌లో బ్రోకర్ పాత ప్రైమరీని ఆపి మళ్లీ లేపాలి. ఆపిన డేటాబేస్‌కి లిజనర్ (కనెక్షన్లు అందుకునే ప్రోగ్రాం) ద్వారా కనెక్ట్ అవ్వాలంటే లిజనర్ ఫైల్లో స్టాటిక్ ఎంట్రీ ఉండాలి, గ్లోబల్ డీబీ నేమ్ చివర అండర్‌స్కోర్ డీజీఎంజీఆర్ఎల్ అని. గ్రిడ్ ఇన్‌ఫ్రా లేదా ఒరాకిల్ రీస్టార్ట్ ఉన్నచోట 12సీ నుంచి అది అక్కర్లేదు. మామూలు సింగిల్ సర్వర్‌లో కావాలి. అది లేకపోతే ఓఆర్ఏ-12514 కొట్టి "మీరే లేపుకోండి" అంటుంది. మిగతా పని అయిపోయి ఉంటుంది, చివర్లో స్టార్టప్ మౌంట్ (డేటాబేస్‌ని తెరవకుండా లేపే కమాండ్) మనం ఇవ్వాలి. తెలిసినవాడికి రెండు నిమిషాలు. తెలీనివాడు కంగారులో ఫెయిలోవర్ (ప్రైమరీ పోయిందనుకుని స్టాండ్‌బైని ప్రైమరీ చేసేయడం) కొడతాడు.

పాతపెంకు
చూశారా. నేను చెప్పింది ఇదే.

నాగావళి_నీళ్లు
స్టాటిక్ కనెక్ట్ ఐడెంటిఫయర్ సరిగా ఉందో లేదో ముందే పరీక్షించడానికి ఇప్పుడు కమాండ్ ఉంది మాస్టారూ. వ్యాలిడేట్ స్టాటిక్ కనెక్ట్ ఐడెంటిఫయర్ ఫర్ ఆల్.

పాతపెంకు
సరే, అది నాకు కొత్త. రేపు చూస్తాను.

పలాస_జీడిపప్పు
పాతపెంకు మాస్టారు "నాకు కొత్త" అన్నారు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

బొబ్బిలి_కోట
అందరూ సెట్టింగుల దగ్గరే ఆగిపోయారు. అసలు ప్రైమరీ విజయనగరం, స్టాండ్‌బై శ్రీకాకుళం అంటే ఎవరికీ అనుమానం రాలేదా? రెండూ ఒకే తీరం. ఒక తుఫాను వస్తే రెండు జిల్లాలకీ ఒకేసారి కరెంటు పోతుంది. బ్రోకర్ పెట్టినా, చేత్తో పెట్టినా, అక్కడ లాభం ఏంటి?

పలాస_జీడిపప్పు
2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టం. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. అప్పుడు మా ఫ్యాక్టరీ లెక్కల సర్వర్ ఇక్కడా, బ్యాకప్ నరసన్నపేటలో మా బావమరిది షాపులోనూ ఉండేవి. రెండు చోట్లా జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. డేటా పోలేదు గాని, ఉందని తెలుసుకోడానికి కరెంటు రావాలి కదా.

బొబ్బిలి_కోట
@పలాస_జీడిపప్పు అదే నేను చెప్పేది. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, మూడూ అక్టోబర్ రెండో వారమే. స్టాండ్‌బైని హైదరాబాద్‌లో పెట్టండి. అప్పుడు సెట్టింగ్ ఎవరు మార్చాలో మాట్లాడుకుందాం.

గంటస్తంభం_డీబీఏ
హైదరాబాద్ అడిగాను. లైను ఖర్చు చూసి యాజమాన్యం వద్దంది. శ్రీకాకుళం బ్రాంచిలో సొంత గది ఉంది, అంతే లెక్క. సర్వర్ గది పగిలినా, డిస్కులు పోయినా, ఫైర్ అయినా పనికొస్తుంది. తుఫానుకి పనికిరాదని రాతపూర్వకంగా ఇచ్చాను.

సిరిమాను
రాతపూర్వకంగా ఇచ్చారు చూడండి, అది మంచి పని.

లాగ్‌గ్యాప్
అసలు ఆ రాత్రి డిఫర్ ఎందుకో నాకు అర్థం కాలేదు. బ్యాచ్ అంతసేపూ స్టాండ్‌బైకి ఏమీ వెళ్లదు. ఆ టైంలో ప్రైమరీ పోతే వడ్డీ లెక్కలన్నీ పోయినట్టే. తెల్లారి ఎనేబుల్ చేయగానే గ్యాప్ మొత్తం ఒకేసారి లాగుతుంది, లైను అప్పుడూ నిండుతుంది. దాన్ని ఆపడం కాదు, లైను లెక్క వేయండి.

లెక్క ఇదీ. పీక్‌లో సెకనుకు ఎన్ని బైట్ల రీడో పుడుతోందో చూడండి, ఒరాకిల్ పనితీరు చూపే ఏడబ్ల్యూఆర్ రిపోర్టులో ఉంటుంది. దాన్ని 0.7తో భాగించి, 8తో హెచ్చవేసి, 10 లక్షలతో భాగిస్తే కావాల్సిన ఎంబీపీఎస్ వస్తుంది. సెకనుకు 10 లక్షల బైట్లు పుడితే దాదాపు 11.4 ఎంబీపీఎస్. మీ లైను ఎంత?

గంటస్తంభం_డీబీఏ
@లాగ్‌గ్యాప్ లైను 10. బ్యాచ్ టైంలో రీడో మీరు చెప్పినదానికి రెట్టింపు పైనే. బ్యాచ్ పోతే ఇన్‌పుట్ ఫైళ్లున్నాయి, మళ్లీ నడుపుకోవచ్చు. అందుకే ఆ మాత్రం ధైర్యం. తెల్లవారుజామున ఎనేబుల్ చేస్తే బ్రాంచి తెరిచేలోపు గ్యాప్ సర్దుకునేది.

లాగ్‌గ్యాప్
అయితే ఆలోచించే చేశారు. వెనక్కి తీసుకుంటున్నాను. రీడో కంప్రెషన్ ప్రాపర్టీ ఉంది గాని దానికి అడ్వాన్స్‌డ్ కంప్రెషన్ లైసెన్స్ కావాలి, మీ యాజమాన్యం అది విన్నా వద్దంటుంది. పోనీ నెట్‌వర్క్ వాళ్లతో మాట్లాడి కౌంటర్ ట్రాఫిక్‌కి ప్రాధాన్యం ఇప్పించండి. రీడో తన మానాన తను వెళ్తుంది.

నాగావళి_నీళ్లు
ఇది మంచి మాట. అప్పుడు డిఫర్ పెట్టే అవసరమే రాకపోవచ్చు.

పాతపెంకు
టూల్ మీద నమ్మకం ఎక్కువైనవాళ్ల కోసం ఒక ఉదాహరణ. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో అమెరికా తూర్పు తీరం దగ్గర నెట్‌వర్క్ లింకు 43 సెకన్లు తెగింది. 43 సెకన్లే. వాళ్ల ఆర్కెస్ట్రేటర్ అనే టూల్ మైఎస్‌క్యూఎల్ ప్రైమరీలని పశ్చిమ తీరానికి మార్చేసింది. రెండు వైపులా రెండోవైపు లేని రాతలు మిగిలిపోయాయి. మళ్లీ అన్నీ సర్దుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు. లింకు తెగినప్పుడు ఎవరైనా మనిషి ఉంటే టీ తాగొచ్చేలోపు అది కలిసేది.

రాజాం_అమ్మాయి
@పాతపెంకు మీరు ఒకటి చెప్పారు కాబట్టి నేనొకటి. 2017 జనవరి 31, గిట్‌ల్యాబ్. సెకండరీ రెప్లికేషన్ వెనకబడితే ఇంజినీర్ రాత్రి కూర్చుని చేత్తో బాగు చేస్తున్నాడు. వాల్ సెండర్లు పెంచాడు, మ్యాక్స్ కనెక్షన్స్ 8000 నుంచి 2000కి దించాడు, అయినా బేస్ బ్యాకప్ కదల్లేదు. డేటా డైరెక్టరీ తుడిచేసి మళ్లీ మొదలెడదామనుకున్నాడు. తుడిచింది ప్రైమరీలో. దాదాపు 300 జీబీ పోయింది, ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. అక్కడ ఉన్నది మనిషే మాస్టారూ.

టెక్కలి_టెర్మినల్
1-1

అరసవల్లి_ఎండ
రెండూ కలిపేస్తున్నారు మీరు. గిట్‌హబ్‌లో టూల్ నిర్ణయం తీసుకుంది. ఇక్కడ మనవాడు అడిగింది సెట్టింగులు రాసే టూల్ గురించి. బ్రోకర్ ఆన్ చేసినంత మాత్రాన దానంతటది ఫెయిలోవర్ చేయదు. అలా చేసే ఫాస్ట్-స్టార్ట్ ఫెయిలోవర్ విడిగా ఎనేబుల్ చేయాలి, రెండు డేటాబేస్‌లనీ కనిపెట్టి చూసే అబ్జర్వర్‌ని విడిగా నడపాలి. అది చేయకపోతే నిర్ణయం మన దగ్గరే ఉంటుంది.

నేనైతే సెట్టింగులు బ్రోకర్‌కి ఇస్తాను. ఫెయిలోవర్ ఇవ్వను, ఇలాంటి సన్నటి లైన్ల మీద అసలే ఇవ్వను. దాని థ్రెషోల్డ్ మామూలుగా 30 సెకన్లు. మన దగ్గర వానాకాలంలో లింకు అంతసేపు పోని రోజు ఉందా?

సిరిమాను
అబ్జర్వర్ పెడితే ఎక్కడ పెట్టాలి? మా వాడు ప్రైమరీ పక్క సర్వర్‌లోనే పెడతానంటున్నాడు.

అరసవల్లి_ఎండ
@సిరిమాను వద్దు. ఆ గదికి కరెంటు పోతే ప్రైమరీతోపాటు అబ్జర్వర్ కూడా పోతుంది, ఫెయిలోవర్ అడిగేవాడే ఉండడు. స్టాండ్‌బై పక్కన పెడితే ఇంకో తంటా. మధ్యలో లింకు తెగితే ప్రైమరీకి స్టాండ్‌బై కనపడదు, అబ్జర్వర్ కనపడదు. తన స్థానం పోయిందేమోనని అది కమిట్లు ఆపేసి కూర్చుంటుంది. అవతల వాళ్లిద్దరూ కలిసి కొత్త ప్రైమరీని లేపేస్తారు. మూడో చోట ఉండాలి. చిన్న వర్చువల్ మెషీన్ చాలు, హైదరాబాద్‌లో పెట్టినా ఖర్చు పెద్దగా ఉండదు.

బొబ్బిలి_కోట
ఇదిగో, హైదరాబాద్ మళ్లీ వచ్చింది.

వంశధార_వరద
మాది స్టాండర్డ్ ఎడిషన్ 2. అందులో డేటా గార్డే లేదు, బ్రోకర్ ఎక్కడ. ఆర్కైవ్ లాగులు ఆర్‌సింక్‌తో పంపి రికవర్ చేసుకుంటాం. మీ గొడవ చదువుతుంటే కాస్త అసూయగా ఉంది.

గంటస్తంభం_డీబీఏ
ఇంకో అనుమానం. నాగావళి చెప్పినట్టు స్టేట్ మార్చే లైన్లు స్క్రిప్ట్‌లో పెడతాను. కానీ ఏ పారామీటర్ బ్రోకర్‌ది, ఏది నాది అని ఎలా తెలుస్తుంది? మళ్లీ ఇంకో చోట తగలకూడదు.

నాగావళి_నీళ్లు
రీడో రవాణాకి సంబంధించినవన్నీ దానివే. సర్వీస్ అని ఉన్న లాగ్ ఆర్కైవ్ డెస్ట్‌లు, వాటి స్టేట్‌లు, లాగ్ ఆర్కైవ్ కాన్ఫిగ్, ఫాల్ సర్వర్. వాటిని ఆల్టర్ సిస్టమ్‌తో ముట్టుకోవద్దు. మెమరీ, ప్రాసెస్‌లు, అండూ, అవన్నీ మీవే. 19సీలో ఒక మంచి మార్పు జరిగింది. స్టాండ్‌బై ఫైల్ మేనేజ్‌మెంట్, ఆర్కైవ్ ల్యాగ్ టార్గెట్ లాంటివి బ్రోకర్ ఫైల్లోంచి తీసేసి మామూలు పారామీటర్లకే వదిలేశారు. బ్రోకర్ నుంచి మార్చాలంటే ఎడిట్ డేటాబేస్ సెట్ పారామీటర్ అని ఇవ్వొచ్చు, అది నేరుగా పారామీటర్‌నే మారుస్తుంది.

తేడా వచ్చిందని ఓఆర్ఏ-16792 లాంటిది కనిపిస్తే షో డేటాబేస్ పక్కన ఇన్‌కన్సిస్టెంట్ ప్రాపర్టీస్ అని అడగండి. మెమరీలో విలువ, ఎస్‌పీఫైల్లో విలువ, బ్రోకర్ దగ్గర విలువ పక్కపక్కనే చూపిస్తుంది.

పాతపెంకు
ఇక్కడ నాగావళితో ఒప్పుకుంటాను. సగం బ్రోకర్, సగం చెయ్యి అన్నది అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. ఒకడు తూము ఎత్తుతుంటే ఇంకొకడు దించుతుంటాడు. ఉంచితే మొత్తం రవాణా దానికే ఇవ్వు తమ్ముడూ, తీసేస్తే మొత్తం తీసెయ్. తీసేయాలనుకుంటే ఒక్క మాట. బ్రోకర్ కాన్ఫిగరేషన్ రిమూవ్ చేసేటప్పుడు ప్రిజర్వ్ డెస్టినేషన్స్ అని ఇవ్వకపోతే అది పెట్టిన డెస్ట్‌లు కూడా తుడిచేసి పోతుంది. తర్వాత రీడో ఎందుకు వెళ్లడం లేదని వెతుక్కోవాలి.

గంటస్తంభం_డీబీఏ
తీసేయడం లేదు. ఉంచుతున్నాను. డిఫర్ స్క్రిప్ట్ మాత్రం డీజీఎంజీఆర్ఎల్ మీదకి మారుస్తున్నాను. పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లో రాయకుండా వాలెట్ పెడతాను. ఫాస్ట్-స్టార్ట్ ఫెయిలోవర్ వద్దని ఈరోజే చెప్పేశాను.

టెక్కలి_టెర్మినల్
ఇదే టాపిక్‌లో నాదొక చిన్న ప్రశ్న. స్టాండ్‌బై సర్వర్ రీబూట్ అయ్యాక మావాడు స్టార్టప్ అని మాత్రమే కొట్టాడు, మౌంట్ అనలేదు. రీడ్ ఓన్లీలో తెరుచుకుంది, రిపోర్టులు కూడా వస్తున్నాయి, డేటా తాజాగా ఉంది. బాగానే ఉంది కదా?

అరసవల్లి_ఎండ
బాగా లేదు! బ్రోకర్ దగ్గర స్టేట్ అప్లై-ఆన్ (వచ్చిన రీడోని స్టాండ్‌బైలో కలపడం) అని ఉంటే, మీరు ఓపెన్ చేసినా అది అప్లై మొదలెట్టేస్తుంది. ఓపెన్‌లో ఉండి అప్లై నడుస్తోందంటే అది యాక్టివ్ డేటా గార్డ్. దానికి విడిగా లైసెన్స్ ఉంది, డేటా గార్డ్‌లో భాగం కాదు. డీబీఏ ఫీచర్ యూసేజ్ స్టాటిస్టిక్స్ వ్యూలో రియల్-టైమ్ క్వెరీ అని వెతకండి.

టెక్కలి_టెర్మినల్
వెతికాను. కరెంట్లీ యూస్డ్ దగ్గర ట్రూ అని ఉంది. టెన్షన్ వచ్చేసింది.

అరసవల్లి_ఎండ
ఆపేసి మౌంట్‌లో లేపండి. రిపోర్టులు కావాలంటే ముందు అప్లై-ఆఫ్ పెట్టి, తర్వాత ఓపెన్ చేయండి. డేటా కాస్త పాతది వస్తుంది, అంతే. జరిగింది మాత్రం మేనేజర్‌కి మీరే చెప్పండి, ఆడిట్‌వాళ్లు చెప్పకముందే.

పాతపెంకు
చేత్తో నడిపితే అప్లై దానంతటది మొదలవ్వదు. ఊరికే చెబుతున్నా.

పలాస_జీడిపప్పు
మాస్టారు స్కోర్ సమం చేశారు.

సిరిమాను
స్విచ్ఓవర్ డ్రిల్ ఎప్పుడు పెట్టుకుంటున్నారు @గంటస్తంభం_డీబీఏ? దసరా తర్వాత మంగళవారం మాత్రం పెట్టకండి, ఆరోజు పైడితల్లి సిరిమానోత్సవం. ఊళ్లో ఆఫీసుకి వెళ్లడానికి దారి కూడా ఉండదు.

గంటస్తంభం_డీబీఏ
అక్టోబర్‌లో పెట్టం. తుఫాను సీజన్ పోనివ్వండి. డిసెంబర్‌లో ఓ ఆదివారం.

లాగ్‌గ్యాప్
డ్రిల్‌కి ముందు ఒకటి చూడండి. బ్రోకర్ కాన్ఫిగరేషన్ ఫైళ్లు రెండు ఉంటాయి, డీఆర్1, డీఆర్2తో మొదలయ్యేవి. ఏమీ చెప్పకపోతే ఒరాకిల్ హోమ్ కింద డీబీఎస్‌లో కూర్చుంటాయి. కొత్త హోమ్‌లోకి ప్యాచ్ చేసి మారితే అవి పాత హోమ్‌లోనే ఉండిపోతాయి. బ్రోకర్ లేచి "నాకు కాన్ఫిగరేషనే లేదు" అంటుంది.

గంటస్తంభం_డీబీఏ
చూశాను, రెండూ డీబీఎస్‌లోనే ఉన్నాయి. వేరే చోటికి మార్చాలంటే రవాణా ఆగుతుందా?

లాగ్‌గ్యాప్
ఆగదు. డీజీ బ్రోకర్ స్టార్ట్ ఫాల్స్ చేయండి, ఫైళ్లు కొత్త చోటికి కాపీ చేయండి, డీజీ బ్రోకర్ కాన్ఫిగ్ ఫైల్ 1, 2 పారామీటర్లలో కొత్త దారి రాయండి, మళ్లీ ట్రూ చేయండి. బ్రోకర్ పడుకున్న ఆ కాసేపు డెస్ట్ 2 తన పని తను చేసుకుంటుంది. స్టాండ్‌బై వైపు కూడా ఇదే చేయాలి.